ప్రభువులు ఈ రాత్రికి రారు

కూర్చోమని ఎంత చెప్పినా ఆమె కూర్చోలేదు. తలుపు దాకా వెళ్లి వీధిలోకి చూసింది. మళ్లీ బల్ల దగ్గరికి వచ్చింది. బల్ల మీదున్న పేపరువెయిటు చేతిలోకి తీసుకుని, అదేమిటో తెలియనట్టు చూసి పెట్టేసింది. బయట పొద్దున్నుంచీ ఒకటే గాలి. గడియ సరిగా పడని కిటికీ రెక్క కొట్టుకుంటూనే ఉంది.

“మా నాన్న పోలీసుల దగ్గరికి వెళ్లిపోతానంటున్నాడండీ,” అంది చివరికి. “రాజుగారిని తానే చంపానంటున్నాడు.”

బల్ల వెనక కూర్చున్న మనిషిని ఊళ్లో అందరూ జల్లెడమ్మ అంటారు. పొట్టి మనిషి, గట్టి మనిషి. భర్త బతికున్నప్పుడు ఇద్దరూ కలిసి నడిపిన అపరాధ పరిశోధన కార్యాలయాన్ని ఆయన పోయాక మూసేస్తుందనుకున్నారు. ఆమె బోర్డు మీద పేరు కూడా మార్చలేదు. ఎవరు ఎన్ని మాటలు తెచ్చిపోసినా అలా ఓ ఊపు ఊపి, పొట్టు ఒకవైపు గింజ ఒకవైపు చేస్తుందని ఆ పేరు వచ్చింది. పక్కన బొమ్మల మాస్టారి ఉద్యోగం మానేసి వచ్చి చేరిన మరిది ఉన్నాడు. వదిన దగ్గినా అందులో ఏదో ఆధారం ఉందనుకునే భక్తుడు.

“చంపాడో లేదో తర్వాత చూద్దాం. ముందు ఏం జరిగిందో చెప్పమ్మా,” అంది జల్లెడమ్మ.

వచ్చినామె బట్టలు కుట్టే మనిషి. తండ్రిని నాటక సమాజంలో అందరూ తెర బాబాయ్ అంటారు. తెర లాగేది, గోడలు నిలబెట్టేది, దీపాలు తగిలించేది ఆయనే. మొన్న ప్రదర్శనలో సమాజం పెద్ద, ఎప్పుడూ రాజు వేషమే వేసి రాజుగారనే పేరు మిగిలిపోయిన మనిషి, చీకట్లో స్టేజి మధ్య గోతిలో పడి చచ్చిపోయాడు.

“ఆ గొయ్యి దేనికి?”

“బావి సీను కోసమండీ. నేలలో చెక్కమూత ఉంటుంది. దీపాలు ఆరగానే నాన్న మూత తీసేసి, చుట్టూ రంగువేసిన బావిగోడ తెచ్చి పెడతాడు. అప్పుడే రాజుగారు కుడివైపు నుంచి ఎడమవైపుకి చీకట్లోనే దాటి, శాలువా మార్చుకుని మళ్లీ రావాలి. కుడివైపు రాణి, మంత్రి వేషాలవాళ్లు సింహాసనం లాగుతుంటారు, అటు దారుండదు.”

“గొయ్యి ఉందని తెలిసీ అటు ఎలా నడిచాడు?”

ఆమె గొంతు తగ్గించింది. “ఆయనకి చూపు బాగా మందగించిందండీ. బయటికి తెలియనిచ్చేవారు కాదు. అందుకే నాన్న ఎడమవైపు వెనక స్తంభానికి ఒక చిన్న నీలం దీపం తగిలించేవాడు. దాన్నే చూస్తూ నడిస్తే గొయ్యి వెనకనుంచి వెళ్లిపోతారు. ఆ రోజు నాటకం అయ్యాక చూస్తే దీపం ముందు స్తంభానికి ఉంది. ముందు స్తంభం కేసి నడిస్తే దారి సరిగ్గా గోతి మీదనుంచే.”

“దీపం ముందు స్తంభానికి ఉందని ఎవరు చెప్పారు?”

“నాన్నే. ఇన్‌స్పెక్టరు అడక్కముందే చెప్పేశాడు. ‘రోజూ పెట్టే చెయ్యే, ఆ రోజు ఎక్కడ పెట్టానో గుర్తులేదు, ముసలితనం, నేనే తప్పు చేశాను’ అని ఒకటే మాట. ఇన్‌స్పెక్టరు సాయంత్రం వాంగ్మూలం రాయించుకుంటానన్నారు. నాన్న రాసిచ్చేస్తాడండీ! జైలుకి భయపడి కాదు నేనేడుస్తున్నది. చిన్నప్పటినుంచీ చూసుకున్న మనిషిని తన చేతులతో చంపుకున్నానని నమ్ముతున్నాడు. అలా నమ్ముకుని ఎన్నాళ్లు బతుకుతాడు?”

మరిది కాగితం మీద స్టేజి గీసి, గొయ్యి గీసి, స్తంభాలు గీసి చూపించాడు. జల్లెడమ్మ ఆ బొమ్మను తిప్పి తిప్పి చూసింది.

“రోజూ చేసే పని గుర్తుండదు మరిదీ. తప్పు చేసిన రోజే గుర్తుంటుంది. గుర్తులేదంటున్నాడంటే సరిగ్గానే చేశాడేమో. చెప్పులేసుకో.”

*

పగటిపూట నాటకశాల చూస్తే పెళ్లయిపోయిన ఇల్లులా ఉంటుంది. కుర్చీలు అడ్డదిడ్డంగా ఉన్నాయి. పైకప్పు రేకు గాలికి దడదడమంటోంది. తెర బాబాయ్ స్టేజి అంచున కూర్చుని, చుట్టిన తాడునే విప్పుతూ మళ్లీ చుడుతూ ఉన్నాడు. పలకరిస్తే లేచి దండం పెట్టాడు.

“మా అమ్మాయి మాట పట్టించుకోకండమ్మా. పిచ్చిది. గోడ తెచ్చి పెట్టింది కూడా నేనే. కింద ఆయన పడి ఉన్నాడు, పైన నేను గోడ పెట్టాను. చూడనైనా లేదు.”

“చీకట్లో ఏం చూస్తావు బాబాయ్?”

“ఆయనకి చీకట్లో చూపు లేదనే కదమ్మా దీపం పెట్టింది,” అన్నాడు ముసలాయన.

ఆ రాత్రి స్టేజి వెనక ఉన్నది, రాజుగారూ బాబాయ్ కాక, ముగ్గురే. రాజుగారి భార్య, రాణి వేషం ఆమెది. తమ్ముడు, పుట్టాక మంత్రి వేషం తప్ప ఇంకోటి ఎరగడు. కూరలమ్మేవాళ్లు కూడా మంత్రిగారనే పిలుస్తారు. మూడోవాడు నాటకం రాసిన కవిగారు. సమాజం చిన్నది కనుక రాసినాయనే కుడివైపు మూల కూర్చుని మాటలు అందిస్తాడు, దీపాలు ఆర్పి వెలిగిస్తాడు, ఉరుముల కోసం రేకు కూడా ఊపుతాడు. ఎడమ పక్కతెర దగ్గర మంచినీళ్ల కుండ ఉంది. బావి సీనుకు ముందు పాట నడుస్తుండగా ముగ్గురూ అక్కడికి వెళ్లి గొంతు తడుపుకున్నవాళ్లే. దీపం మార్చాలంటే చెయ్యి చాపితే చాలు.

ముందు కవిగారు దొరికాడు. దొరికాక వదల్లేదు.

“చచ్చినవాణ్ణి తిట్టకూడదు గాని, గర్వం అండీ ఆయనకి! ఎదురుగా వెళ్లి నమస్కారం పెడితే చూడకుండా వెళ్లిపోయేవాడు. నా చేతిలోంచి కాగితం తీసుకోకుండా చదివి వినిపించమనేవాడు. నేనేమైనా ఆయన గుమాస్తానా?”

“నీలం దీపం దేనికో మీకు తెలుసా?”

“ఏదో ఉంటుంది. బాబాయ్ బీడీ వెలిగించుకోవడానికి అనుకున్నా.”

మరిది నవ్వు ఆపుకోవడానికి కిందికి చూశాడు.

“రాజుగారు పడ్డ చప్పుడు వినలేదా?”

“నా రేకు ఉరుముతోందిగా! దీపాలు వెలిగించేసరికి బావిగోడ ఉంది, రాణీ మంత్రీ ఉన్నారు, రాజు లేడు. నా గుండె ఆగిపోయింది. కాగితంలో ఉంటే అందిస్తాను, లేనిది ఏమని అందించను? రాణమ్మ ఏదో అంది, ‘అడుగుల చప్పుడు వినిపిస్తోంది, ప్రభువులు వస్తున్నట్టున్నారు’ అని. తర్వాత ‘గాలికి వాకిలి తెర కదిలింది, వారేనేమో చూడండి’ అంది. అప్పుడు మంత్రి అందుకున్నాడండీ! ‘లేదు దేవీ. ప్రభువులు సరిహద్దుకు తరలి వెళ్లారు. ఈ రాత్రికి తిరిగి రారు. ఇక నిర్ణయం మనదే’ అన్నాడు. హాలంతా చప్పట్లు. అక్కణ్ణుంచి రాజు మాటలన్నీ తన మాటల్లో కలిపేసుకుని నాటకాన్ని ఒడ్డుకు చేర్చాడు. నేను రాసినదానికన్నా బాగుంది. చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది గాని.”

“మామూలుగా ఆ సీనులో రాణి బావిలోకి ఏమైనా వేస్తుందా?”

“కత్తి విసురుతుంది. ఆ రోజు వెయ్యలేదు. మంత్రి అడ్డంగా నిలబడి ‘ఇప్పుడు కాదు దేవీ’ అన్నాడు. అదీ బాగానే కుదిరింది.”

బయటికి వచ్చాక మరిది గుసగుసగా అన్నాడు. “కవిగారికి పగ ఉంది వదినా. రాసుకోనా?”

“పగ ఉందిలే. ఆయనకి లేనిది ఇంకోటుంది. అది చూడు.”

ఏమిటది అని అడిగే లోపే ఆమె వేషాల గది తలుపు తట్టింది.

రాణి అద్దం ముందు కూర్చుని ఉంది గాని అద్దంలోకి చూడటం లేదు. జల్లెడమ్మ ఆమె పక్కన పెట్టె మీద కూర్చుంది.

“ఆలస్యంగా వచ్చే మనిషేనా మీ ఆయన?”

రాణి ముఖంలో చిన్న నవ్వు వచ్చి నిలవలేక పోయింది. “ఎన్నిసార్లో! ఒకసారి మీసం అంటుకోలేదని లోపలే ఉండిపోయారు. నేను బయట వాన గురించి, వాన తగ్గాక మబ్బుల గురించి, మబ్బుల్లో కనిపించే ఏనుగుల గురించి చెబుతూ కూర్చున్నాను. మా సమాజంలో పసివాడికైనా నేర్పే మొదటి మాట అదేనండీ. ఎదుటివాడు రాకపోతే సాగదియ్యాలి. వస్తున్నాడు, వచ్చేశాడు, గుమ్మంలో ఉన్నాడు అనాలి. పొరపాటున పంపెయ్యకూడదు. ఒకసారి కొత్త కుర్రాడొకడు కంగారులో ‘సేనాపతి యుద్ధంలో మరణించారు’ అనేశాడు. అనీ అనగానే సేనాపతి మీసం సర్దుకుంటూ వచ్చి నిలబడ్డాడు. జనం తెర పడేదాకా నవ్వుతూనే ఉన్నారు. ఆయన ఆ కథ చెప్పి చెప్పి…” అని ఆగిపోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆమె కళ్లు తుడుచుకున్నాక జల్లెడమ్మ అడిగింది. “ఆయన చూపు సంగతి ఎవరెవరికి తెలుసు?”

“నాకు, మా మరిదికి, బాబాయ్‌కి. బాబాయ్ కూతురికి ఎలాగూ తెలుస్తుంది. ఇంక ఎవరికీ చెప్పొద్దన్నారు. ఆ రోజు అన్నాలు తినేటప్పుడు ఒక మాట అన్నారు. ఇక నేను వెయ్యలేను, వచ్చే నాటకం నుంచి కిరీటం నువ్వు పెట్టుకో అన్నారు నాతో. ఆడది రాజు వేషం వేస్తే ఏమవుతుంది, నీకంటే బాగా నాకు ఎవరూ కనిపించలేదు అన్నారు.”

“మీ మరిది ఏమన్నాడు?”

“నవ్వాడు. ‘అయితే నేను మళ్లీ మంత్రినేనా అన్నయ్యా’ అన్నాడు. ఈయన ‘నీ అంత మంత్రి ఎక్కడ దొరుకుతాడురా’ అన్నారు. మెచ్చుకున్నాననే అనుకున్నారు పాపం.”

మంత్రి తానే ఎదురొచ్చి కుర్చీ తుడిచి వేశాడు. మెత్తని మనిషి, మెత్తని గొంతు. ఏడ్చిన కళ్లు.

“బాబాయ్‌ని కఠినంగా చూడొద్దండీ. కావాలని చేశాడా? ముసలాడు, చెయ్యి తడబడింది. మేం క్షమించేశాం.”

“మీ వదినగారు కిరీటం పెట్టుకోబోతున్నారని విన్నాను.”

“ముందు సంతోషించింది నేనే!”

“దీపాలు వెలిగాక అన్నగారు కనబడకపోతే ఏమనుకున్నారు?”

“ఏముందండీ, శాలువా పిన్ను దొరకలేదేమో, ఇప్పుడే వస్తాడులే అనుకున్నాను. నాటకం అయ్యాక బాబాయ్ కేక వేసేదాకా నాకు అలాంటి ఆలోచనే లేదు.”

“వస్తాడులే అనుకున్నారు.”

“అవునండీ.”

జల్లెడమ్మ తల ఊపింది. ఆమె అలా నెమ్మదిగా తల ఊపితే ఏదో గింజ దొరికిందని పక్కనున్న తన మరిదికి తెలుసు. ఏ గింజో మాత్రం తెలియలేదు. అక్కణ్ణుంచి ఆమె శవపరీక్ష చేసిన డాక్టరు దగ్గరికి వెళ్లివచ్చింది. వచ్చేసరికి ఇన్‌స్పెక్టరు నాటకశాలకు చేరాడు.

*

ఇన్‌స్పెక్టరు ముందు వరస కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. కలం తీసే ఉంది. తెర బాబాయ్ సంతకం ఎక్కడ పెట్టాలని అప్పటికే రెండుసార్లు అడిగాడు. కూతురు తండ్రి చెయ్యి వదలకుండా పట్టుకుంది.

“రాసుకునే ముందు ఒక్క సీను చూడండి సార్,” అంది జల్లెడమ్మ. “బావి సీను, కాగితంలో ఎలా ఉందో అలా. గోతి మూత తియ్యొద్దు, గోడ ఒక్కటే పెట్టండి. రాజుగారి బదులు మా మరిది నడుస్తాడు.”

“టికెట్టుందా?” అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఎవరూ నవ్వలేదు.

ఎవరి చోట్లకు వాళ్లు వెళ్లారు. మరిది భుజాన శాలువా వేస్తూ జల్లెడమ్మ అతని చెవిలో ఏదో చెప్పింది. అతను వింతగా చూసి సరేనన్నాడు. కవిగారు దీపాలు ఆర్పి రేకు ఊపాడు. చీకట్లో బరువైన అడుగులు ఎడమవైపు వెళ్లాయి. బావిగోడ కూర్చున్న చప్పుడయింది. దీపాలు వెలిగాయి.

రాణీ మంత్రీ బావికి చెరోవైపు నిలబడి ఉన్నారు. ఇప్పుడు రాజు రావాలి. రాలేదు.

రాణి తెర వైపు చూసింది. కవిగారు కాగితంలోంచి తలెత్తాడు. మంత్రి మెడ తిప్పకుండానే, తడుముకోకుండానే అందుకున్నాడు.

“అశ్వశాల వైపు సకిలింపు విన్నారా దేవీ? ప్రభువుల గుర్రమే. ఇప్పుడే దిగి ఉంటారు.” నాలుగడుగులు వేశాడు. “మెట్ల మీద అడుగులు కూడా… ఈ వానలో తడిసి వస్తున్నారు కాబోలు, కాస్త ఆలస్యమైనా…”

“చాలు,” అంది జల్లెడమ్మ. “చాలా బాగుంది మంత్రిగారూ. మా మరిదిని రావద్దని చెప్పింది నేనే. రాకపోతే మీరు ఎంత అందంగా సాగదీశారు! ఆ రాత్రి ఎందుకు సాగదియ్యలేదు?”

రేకు ఇంకా సన్నగా మోగుతోంది. కవిగారు దాన్ని చేత్తో పట్టి ఆపాడు.

“అంటే?” అన్నాడు మంత్రి.

“అదే సీను, అదే ఖాళీ. ఇవాళ మా వాడు ఏ క్షణానైనా వస్తాడనుకున్నారు, అందుకే గుర్రాన్ని తెచ్చారు, మెట్లు తెచ్చారు. ఆ రాత్రి రాణిగారు కూడా అదే చేశారు. అడుగుల చప్పుడన్నారు, తెర కదిలిందన్నారు. ఆమె మొగుడు వస్తాడని ఎదురుచూస్తోంది కాబట్టి. మీరేమో ఆమె మాట తుంచేసి రాజుని సరిహద్దుకి పంపేశారు. ‘ఈ రాత్రికి తిరిగి రారు’ అన్నారు. పుట్టినప్పటినుంచి స్టేజి మీదున్న మనిషి, పసివాడు కూడా చెయ్యని తప్పు! శాలువా సర్దుకుంటూ ఆయన వచ్చి నిలబడితే హాలంతా నవ్వదా? రాడని తెలిస్తే తప్ప ఆ మాట మీ నోట రాదు. మళ్లీ నాతో ఏమన్నారు? ‘వస్తాడులే అనుకున్నాను’ అని.”

“వదిన కంగారుపడుతోందని… నాటకం చెడిపోతుందని…”

“నాటకం చెడిపోకూడదనే! అక్కడే దొరికారు. అన్న పోతే పోయాడుగాని సీను పోకూడదు మీకు. రాజు రాడని తెలిసినవాడికి సాగదీసి లాభమేముంది? కథను తిప్పేశారు. కత్తి కూడా వెయ్యనివ్వలేదు. వేస్తే రాణి వంగి చూస్తుంది కదా.”

ఇన్‌స్పెక్టరు కాలు మీంచి కాలు తీశాడు. “దీపం ఈ ముసలాయనే తప్పు స్తంభానికి పెట్టి, ఆయన పడటం ఈయన చూశాడనుకోవచ్చుగా?”

“అనుకోండి. చూసినవాడు కేక వెయ్యడా? తమ్ముడండీ! చూసి ఊరుకోవాలన్నా ముందే మనసులో ఉండాలి. మిగతావాళ్ల సంగతి చూడండి. కవిగారికి రాజుగారి కళ్ల సంగతి తెలియదు. పాపం, నమస్కారం తీసుకోడని గర్వం అనుకున్నాడు. నీలం దీపం బీడీకి అనుకునేవాడు దాన్ని మార్చి మనిషిని చంపలేడు. రాణిగారు ఆయన కోసం పిలుస్తూనే ఉన్నారు. బాబాయ్ దీపం పెట్టింది ఆయన్ని కాపాడటానికి, దాని గురించి నోరు విప్పిందీ ఆయనే. దీపమంటే ఏమిటో తెలిసి, కుండ దగ్గర దాన్ని అందుకోగలిగి, రాజు రాడని తెలిసినట్టు మాట్లాడింది ఒక్కరు.”

“మాటని పట్టుకుని ఉరితీస్తారా?” అన్నాడు మంత్రి. గొంతు ఇప్పుడు మెత్తగా లేదు.

జల్లెడమ్మ చెప్పాలా వద్దా అన్నట్టు రాణి వైపు చూసింది. “డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాను. పడగానే పోలేదట ఆయన. కొంతసేపు ఊపిరి ఉందట. అప్పుడే తీసి ఉంటే…”

రాణి బావిగోడ మీదున్న చెయ్యి కాలినట్టు తీసేసుకుంది.

“నేను ఇక్కడే నిలబడ్డాను,” అంది. “ఈ గోడ మీదే చెయ్యి వేసుకుని, సీనంతా. నువ్వు నా చెయ్యి పట్టుకుని ఇవతలికి తెచ్చావు. చప్పట్లు కొడుతుంటే నన్ను చూసి నవ్వావు. కింద ఊపిరుందా మరిదీ? నీకు తెలుసా?”

మంత్రి ఆమె వైపు చూడలేకపోయాడు. ఎటు చూడాలో తెలియక ఖాళీ కుర్చీల వైపు చూశాడు.

“అంత లోతు లేదనుకున్నాను,” అన్నాడు చివరికి. “కాలు విరుగుతుందనుకున్నాను. ఇంక లేచి స్టేజి ఎక్కలేడని… ఒక్కసారి, ఒక్క నాటకం నేను పట్టుకుని నడపాలని. దీపాలు వెలిగాక ఆయన మూలుగు నాకు వినపడింది వదినా. ఆపుదామనుకున్నాను. ఈలోగా చప్పట్లు కొట్టారు. నాకెప్పుడూ కొట్టలేదు.”

ఇన్‌స్పెక్టరు లేచి స్టేజి మెట్లెక్కాడు. మంత్రి పెనుగులాడలేదు, చేతులు తానే ముందుకు చాపాడు. అంతలో తెర బాబాయ్ కూతురి చెయ్యి విడిపించుకుని అడ్డం వచ్చాడు. ఇన్‌స్పెక్టరు పక్కకు నెట్టబోతే జల్లెడమ్మ వద్దని సైగ చేసింది.

“ఒక్క మాట చెప్పి వెళ్లు,” అన్నాడు ముసలాయన. “నేను దీపం ఏ స్తంభానికి పెట్టాను?”

“వెనక స్తంభానికే పెట్టావు బాబాయ్. రోజూ పెట్టే మేకుకే. నేనే తీశాను.”

“సరిగ్గా చూశావా?”

“చూశాను.”

వాళ్లు వెళ్లిపోయారు. తండ్రి ఊపిరి పీల్చుకుని సంతోషిస్తాడనుకుని కూతురు నవ్వుతూ దగ్గరికి వచ్చింది. మరిది కూడా ఏదో మంచి మాట అనబోయాడు. ముసలాయన ఇద్దరినీ చూడలేదు. బావిగోడ పట్టుకుని మెల్లగా నేల మీదికి జారి కూర్చున్నాడు.

“ఎంత మంచివాడమ్మా,” అన్నాడు. “ఎంత మంచివాడు.”

అని, ఇంతదాకా ఏడ్చే హక్కు తనకు లేదనుకున్నవాడిలా, తన రాజుగారి కోసం మొదటిసారి గొంతెత్తి ఏడ్చాడు. రాణి వచ్చి ఆయన పక్కన కూర్చుంది.